నందివర్ధనం మీది అతిథి

విజయవాడ నగరంలో కొండను ఆనుకొని, ఏలూరు కాలువకు చేరువగా ఉన్న పేట గుణదల. కొండమీది మేరీమాత క్షేత్రం వలన ఆ పేరు తెలుగునాట అందరికీ పరిచితమే. ఏటా ఫిబ్రవరి నెలలో జరిగే ఉత్సవాలకు లక్షల సంఖ్యలో యాత్రికులు వస్తారు. ఆ సందడి ముగిసిన తరువాత గుణదల తిరిగి తన మామూలు బ్రతుకులో పడుతుంది. సందులలో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా తగ్గి, వాటి స్థానంలో అపార్టుమెంట్లు లేస్తున్నా, వాకిలి మిగిలిన ఇళ్ల ముందు ఒక నందివర్ధనమో, గన్నేరో, బిళ్లగన్నేరో కనిపిస్తూనే ఉంటుంది. ఈ మొక్కలు పూజకు పూలిస్తాయి; నీరు తక్కువైనా బ్రతుకుతాయి; పశువులు వీటి జోలికి రావు. ఈ మూడింటినీ నమ్ముకొని మన మధ్యనే జీవిస్తున్న ఒక ప్రాణి ఉన్నది. దానిని చూసినవారు తక్కువ. చూసినవారిలో చంపకుండా విడిచిపెట్టినవారు మరీ తక్కువ. ఆ ప్రాణి పక్షాన నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొన్నేళ్ల క్రిందట, తొలకరి వానలు పడిన రోజులలో, మా పక్కింటి మామ్మగారు తెల్లవారుజామున పూలు కోస్తూ కేక వేశారు. నేను వెళ్లి చూశాను. నందివర్ధనం కొమ్మ మీద చూపుడువేలంత పొడవూ లావూ గల ఆకుపచ్చని పురుగొకటి ఉన్నది. ఒంటిమీద నూగు లేదు. తోక చివర చిన్న కొమ్ము వంటిది ఉన్నది. కొమ్మ కదలగానే అది తలను లోపలికి ముడుచుకొని మెడభాగాన్ని ఉబ్బించింది. అక్కడ రెండు నీలి కన్నులు మెరిశాయి.

"పాముపిల్ల అనుకున్నాను మాస్టారూ! గుండె ఝల్లుమంది" అన్నారు మామ్మగారు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆమె మనుమడు అప్పటికే చెప్పు చేతబట్టుకొని సిద్ధంగా నిలబడ్డాడు.

అతనిని ఆపినది నేనే. అయితే అందులో నా గొప్ప ఏమీ లేదు. అంతకు ముందు ఏడు మా పెరటి గన్నేరుకు ఇటువంటి పురుగులే పట్టినప్పుడు నేనే మందు కొట్టించాను. మరునాడు చెట్టు క్రింద రాలిపడిన పురుగులను చీపురుతో ఎత్తిపోస్తూ, వాటి ఒంటిమీది నీలి చుక్కలను చూసి, ఇది ఏ జీవియో తెలుసుకోవాలనుకున్నాను. తెలుసుకున్న తరువాత, తెలియక చేసిన ఆ పని మనసులో ముల్లులా మిగిలిపోయింది. అందుకే ఆనాడు, "నాలుగైదు వారాలు గడువియ్యండి మామ్మగారూ, ఇది ఏమవుతుందో చూద్దాం" అని అడిగాను.

"అన్నాళ్లకు చెట్టు మిగులుతుందా మాస్టారూ?" అన్నారామె. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చివర చెబుతాను.

మన వాడుకలో రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగులన్నింటికీ కలిపి రెండు మూడు మాటలే ఉన్నాయి: దీపం పురుగు, చిమ్మెట, శలభం. మన దేశంలో సీతాకోకచిలుకల జాతులు పదమూడు వందల పైచిలుకు ఉండగా, శలభ జాతులు పదివేలకు పైగా ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని అనేక కుటుంబాలుగా విభజించారు. వానిలో ఒకదానికి ఆంగ్లంలో 'హాక్ మాత్' అని పేరు. హాక్ అంటే డేగ. కొసదేరిన బలమైన రెక్కలతో డేగవలె వేగంగా ఎగురుతుంది కనుక మనం దానిని 'డేగ శలభం' అందాం. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 1,450 జాతులు ఉన్నాయి. మామ్మగారిని భయపెట్టినది వానిలో గన్నేరు డేగ శలభం. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1758లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. నేడు దీనిని 'డాఫ్నిస్ నెరీ' అని వ్యవహరిస్తున్నారు. ఆ పేరులోని 'నెరీ' అనే మాట గన్నేరు శాస్త్రీయ నామమైన 'నీరియమ్' నుండి వచ్చినది. ఆఫ్రికా, దక్షిణాసియా దేశాలు దీని నెలవులు. వేసవిలో కొన్ని ఐరోపా దాకా వలసపోతాయి.

దీని జీవితం నాలుగు అంకాల నాటకం. తల్లి శలభం లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. కొద్ది రోజులలో గుడ్డు నుండి దారం ముక్కంత లార్వా వెలువడుతుంది. ఆకులు తింటూ, పాత చర్మాన్ని విడుస్తూ, రెండు మూడు వారాలలో అది ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవుకు ఎదుగుతుంది. ఎదిగిన లార్వా ఆకుపచ్చగా ఉంటుంది. ప్రక్కన ఒక తెల్లని గీత, తెల్లని చుక్కలు, ముందుభాగంలో నల్లని అంచుగల రెండు నీలి మచ్చలు ఉంటాయి. తిండి ముగిసే వేళకు ఆ ఆకుపచ్చదనం మాసి గోధుమవన్నెకు మారుతుంది. అప్పుడది చెట్టు దిగి, నేలమీది ఎండుటాకుల నడుమ వదులైన గూడు అల్లుకొని ప్యూపాగా మారుతుంది. ఇంచుమించు రెండు వారాల తరువాత దాని నుండి రెక్కలుగల శలభం బయటికి వస్తుంది. రెక్కలు చాచితే పది సెంటీమీటర్లు. వాటి మీద ఆకుపచ్చ, లేత గులాబి, తెలుపు రంగులు చలువరాతిలోని చారలవలె పెనవేసుకొని ఉంటాయి. పగలు అది ఆకుల నడుమ కదలక కూర్చుంటే పక్కన నిలబడినవారికి కూడా కనిపించదు.

గన్నేరు ఆకు, బెరడు, వేరు అన్నీ విషమేనని మనకు తెలుసు. గుండె లయను తప్పించే ఆ విషానికి పశువులు దూరంగా ఉంటాయి. జాతీయ రహదారుల నడుమ వరుసగా గన్నేరును పెంచడానికి ఇదీ ఒక కారణం. ఆ విషపు ఆకునే ఈ లార్వా నిశ్చింతగా తిని పెరుగుతుంది. అది మాత్రం ఎవరినీ కుట్టదు, కరవదు. తోక మీది కొమ్ములో విషం లేదు. నీలి కన్నులు నిజమైన కన్నులు కావు. పిట్టలను బెదరించడానికి ప్రకృతి వేసిన మచ్చలు. అసలు కన్నులు తల మీద ఆవగింజలకంటె చిన్నవిగా ఉంటాయి. పిట్టను బెదరించవలసిన మచ్చ మనిషిని కూడా బెదరించింది. బెదరిన పిట్ట ఎగిరిపోతుంది. బెదరిన మనిషి చెప్పు అందుకుంటాడు. తనను కాపాడవలసిన ఆ రూపమే మన వాకిళ్లలో దాని చావుకు కారణమవుతున్నది.

ఈ జీవి వలన లోకానికి ప్రయోజనమేమిటని కొందరు అడుగవచ్చు. ప్రతి ప్రాణినీ ప్రయోజనపు త్రాసులో తూచడం సరికాదని నా అభిప్రాయం. అయినా ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నది. రాత్రివేళ వికసించే పూలను ఒకసారి గమనించండి. ఆకాశమల్లె, ఉమ్మెత్త వంటివి తెల్లగా ఉంటాయి. పొద్దు వాలిన తరువాత సువాసన వెదజల్లుతాయి. వాటి తేనె పొడవైన గొట్టం అడుగున ఉంటుంది. తేనెటీగ నాలుకకు ఆ లోతు అందదు. డేగ శలభపు తొండం గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని ఉండి, పూవు ముందుకు రాగానే సూటిగా చాచుకుంటుంది. శలభం పూవు మీద వాలదు. గాలిలో ఒకే చోట నిలిచి, రెక్కలు కంటికి కనబడనంత వేగంగా ఆడిస్తూ తేనె త్రాగుతుంది. ఆ క్రమంలో పుప్పొడిని ఒక పూవు నుండి మరొక పూవుకు చేరుస్తుంది. మన పెరటి బొప్పాయి పూలు కూడా సాయంత్రం వేళ పరిమళిస్తాయి. మగచెట్టు పుప్పొడిని ఆడచెట్టుకు చేరవేయడంలో డేగ శలభాలదే ముఖ్యపాత్ర అని కెన్యా దేశంలో జరిగిన పరిశీలనలు తెలిపాయి.

ఈ సందర్భంలో ఒక ప్రసిద్ధమైన కథ చెప్పుకోవాలి. 1862లో చార్లెస్ డార్విన్ మడగాస్కర్ దీవికి చెందిన ఒక ఆర్కిడ్ పూవును పరిశీలించాడు. దాని తేనెగొట్టం దాదాపు ఒక అడుగు పొడవున్నది. అంత పొడవైన తొండంగల శలభం ఆ దీవిలో ఉండి తీరాలని ఆయన వ్రాశాడు. ఆ మాటను నమ్మనివారు ఉన్నారు. 1867లో వాలెస్ అనే శాస్త్రవేత్త డార్విన్‌ను సమర్థిస్తూ, అది డేగ శలభమే అయి ఉంటుందన్నాడు. డార్విన్ మరణించిన ఇరవై ఒక్క ఏండ్లకు, 1903లో, ఆ శలభాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఊహించబడినది అనే అర్థం వచ్చే పేరే దానికి పెట్టారు. పూవును చూసి శలభాన్ని ఊహించగలిగాడంటే, ఆ రెండింటి బంధం ఎంత గట్టిదో అర్థమవుతుంది. ఆ బంధంలో ఒక కొసను మనం తెంచివేస్తే రెండవ కొస ఎంతకాలం నిలుస్తుంది?

చీకటిలో ఈ కుటుంబపు జీవులు చూపే సామర్థ్యం కూడా ఆశ్చర్యకరమైనది. మనకు అన్నీ నల్లగా కనిపించే నక్షత్రకాంతిలో ఐరోపాకు చెందిన ఒక డేగ శలభం రంగులను గుర్తించగలదని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. 2022లో వెలువడిన మరొక పరిశోధనలో, వీపు మీద కపాలపు గుర్తుగల డేగ శలభాలకు చిన్న రేడియో పరికరాలు అమర్చి, ఆల్ప్స్ పర్వతాల దిశగా అవి వలసపోతుండగా విమానంలో వెంబడించారు. వానిలో ఒకటి ఒకే రాత్రి దాదాపు 90 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. ఎదురుగాలి వీచినా దారి తప్పలేదు. చెప్పుకు ఒక్క దెబ్బగా కనిపించే ప్రాణిలో ఇంత విద్య దాగి ఉన్నది.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. నువ్వుల చేను వేసిన రైతుతో డేగ శలభం గొప్పతనం గురించి చెబితే ఆయన నవ్వవచ్చు. కపాలపు గుర్తుగల జాతి లార్వాలు నువ్వు మొక్కల ఆకులను మోడు మిగిలేలా తింటాయి. ఆ శలభం తేనెపట్టులోకి దూరి తేనె దొంగిలిస్తుంది కూడా. పట్టుకుంటే కీచుమని అరుస్తుంది. మరొక జాతి చిలగడదుంప తీగను, మినుము, పెసర వంటి పైర్లను ఆశిస్తుంది. వరి కోసిన మాగాణిలో మినుము, పెసర పండించుకొనే కృష్ణా డెల్టా రైతుకు ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. ఏడాది పెట్టుబడి చేనులో ఉన్నవానికి ప్రకృతి ప్రేమను బోధించే హక్కు నాకు లేదు.

కాని ఆ రైతుకు సైతం మొదటి ఆయుధం విషం కానక్కరలేదు. ఈ లార్వాలు పెద్దవి. కొమ్మ మీద స్పష్టంగా కనిపిస్తాయి. కొద్దిగా ఉన్నప్పుడు చేతితో ఏరివేయవచ్చు. వేసవి దుక్కి లోతుగా దున్నితే మట్టిలోని ప్యూపాలు బయటపడి కొంగలకు, కాకులకు ఆహారమవుతాయి. లార్వా శరీరంలో గుడ్లు పెట్టే ఈగలు, కందిరీగలు రైతుకు జీతం లేని పాలేళ్లు. మందు చల్లితే ముందుగా నశించేది ఆ పాలేళ్లే. వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్న మాట ఇది. ఇక వాకిట్లో ఒక్క నందివర్ధనం చెట్టు ఉన్నవారి సంగతి వేరు. అక్కడ పోయేది పంట కాదు, నాలుగు ఆకులు. ఆ నాలుగు ఆకుల కోసం పిల్లలు ఆడుకొనే చోట, పూలు కోసే కొమ్మ మీద విషం చల్లడం ఏ లెక్కన చూసినా నష్టమే. నేనూ ఒకనాడు చేసిన తప్పు కనుక ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను.

విషం కంటికి కనిపించే ప్రమాదం. కనిపించని ప్రమాదం మరొకటి ఉన్నది. అది వెలుగు. దీపంలో దూకి మాడిపోయే శలభాన్ని మన కవులు మోహానికి, అవివేకానికి గుర్తుగా చెప్పుకుంటూ వచ్చారు. పాపం, శలభానికి దీపం మీద మోహం లేదు. వేల ఏండ్లుగా రాత్రివేళ కాస్త వెలుగు ఉన్న దిక్కు ఆకాశమే. వీపును ఆ వెలుగు వైపు ఉంచుకుంటే తల పైకి, కాళ్లు క్రిందికి ఉన్నట్లు. విద్యుద్దీపం వచ్చి ఆ లెక్క తప్పించింది. శలభం దీపం వైపు వీపు త్రిప్పుతూ, త్రిప్పుతూ, దాని చుట్టూ చిక్కుకుపోతుందని 2024లో వెలువడిన ఒక పరిశోధన వివరించింది. విచిత్రమేమంటే, ఆ ప్రయోగాలలో ఈ నియమానికి లొంగని బహుకొద్ది కీటకాలలో మన గన్నేరు డేగ శలభం ఒకటి. దీపం మీదుగా అది తిన్నగా ఎగిరిపోయింది. ఎందుకు అన్నది మీలో ఎవరైనా రేపు తేల్చవలసిన విషయం.

ఒక జాతి తప్పించుకున్నంత మాత్రాన వెలుగు నిరపాయకరమని భావించరాదు. 2017లో స్విట్జర్లాండ్‌లో కొన్ని పచ్చికబయళ్ల మీద రాత్రివేళ దీపాలు వెలిగించి చూశారు. చీకటిగా ఉన్న చోట్లతో పోలిస్తే అక్కడి పూలకు రాత్రి కీటకాల రాక 62 శాతం తగ్గింది. పరిశీలించిన ఒక మొక్కలో కాయలు 13 శాతం తగ్గాయి. పగటి కీటకాలు ఆ లోటును పూడ్చలేకపోయాయి. నదుల కాలుష్యం గురించి, గాలి కాలుష్యం గురించి మనం పాఠాలు చదువుకుంటున్నాం. చీకటి కూడా గాలి, నీరు వంటి సంపదేనని, అది కూడా కలుషితమవుతుందని చెప్పే పాఠం ఇంకా రావలసి ఉన్నది. వీధికి దీపం అవసరమే. రాత్రి పని ముగించుకొని ఇంటికి నడిచే ఆడపిల్లకు అది రక్షణ. కాని ఎవరూ నడవని మేడ గోడకు, ఎవరూ చూడని ప్రకటన పలకకు తెల్లవార్లూ వెలుగు ఎందుకు? దీపం నేలను చూడాలి గాని ఆకాశాన్ని కాదు.

విద్యార్థులు చేయగల పని కూడా ఉన్నది. టి.ఆర్. బెల్ అనే అటవీ అధికారి కార్వార్ ప్రాంతపు అడవులలో లార్వాలను సేకరించి, అవి తినే ఆకును తెలుసుకొని పెంచుతూ, వాటి జీవితాలను నమోదు చేశాడు. స్కాట్ అనే మరొకరితో కలిసి ఆయన భారతదేశపు డేగ శలభాలపై రచించిన గ్రంథం 1937లో వెలువడింది. నేటికీ అది ప్రామాణిక గ్రంథమే. దానికి కావలసిన ముడిసరుకు ఓపిక, నిత్యం లేత ఆకులు, ఒక నోటుపుస్తకం. 2012 నుండి ఏటా జూలై నెలలో అనేక దేశాలలో శలభ వారోత్సవం జరుపుతున్నారు. ఎవరైనా తమ పెరటిలో కనిపించిన శలభాన్ని ఫోటో తీసి నమోదు చేయవచ్చు. ఏ పురుగు, ఏ ఆకు మీద, ఏ తేదీన కనిపించిందో వ్రాసి ఉంచే అలవాటు విజ్ఞానశాస్త్రానికి తొలిమెట్టు. వీటన్నింటికంటె సులభమైనది మరొకటి ఉన్నది: చెట్టు మొదట్లో రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టకుండా ఉండడం. ఆ ఆకుల క్రింద ఎవరు నిద్రిస్తున్నారో మనకు తెలియదు.

మళ్లీ మామ్మగారి వాకిట్లోకి వద్దాం. ఆ లార్వాను ఒక అట్టపెట్టెలో ఉంచి, అడుగున మట్టి, ఎండుటాకులు పరచి, పైన దోమతెర గుడ్డ కట్టాము. చెప్పు పట్టుకున్న కుర్రవాడే దానికి పూటపూటా ఆకులు వేసే బాధ్యత తీసుకున్నాడు. వారం తిరిగేసరికి అది గోధుమవన్నెకు మారి ఆకుల క్రిందికి చేరింది. "చచ్చిపోయిందేమో మాస్టారూ" అని రెండు మూడు సార్లు వచ్చి అడిగాడు. మూడవ వారంలో ఒకనాటి రాత్రి గోడ మీదుగా అతని కేక వినిపించింది. వెళ్లేసరికి శలభం దోమతెరను పట్టుకొని వ్రేలాడుతున్నది. నలిగిన కాగితంలా ఉన్న రెక్కలు మా కళ్ల ముందే మెల్లగా విచ్చుకున్నాయి. చాలాసేపటి తరువాత అది వణకసాగింది. అది భయం వలన కాదు. ఎగరడానికి ముందు కండరాలను వేడిచేసుకొనడానికి శలభాలు అలా రెక్కలను వణికిస్తాయి.

మామ్మగారు కళ్లజోడు సరిచేసుకొని దగ్గరగా వంగి చూశారు. "ఇదా ఆ పురుగు!" అన్నారు. ఆ తరువాత మనుమని వైపు తిరిగి, "ఆ వసారా లైటు ఆర్పరా, పాపం, దారి చూసుకుంటుంది" అన్నారు. దీపాల మీద జరిగిన ఏ పరిశోధన గురించీ ఆమెకు నేను చెప్పలేదు. లైటు ఆర్పగానే రెక్కల సవ్వడి ఒక్క క్షణం మా చెవుల పక్కగా సాగి, కొండ వైపు చీకటిలో కలిసిపోయింది.

నందివర్ధనం సంగతి చెబుతానన్నాను. మిగిలిన పురుగులు తిన్న రెండు కొమ్మలు కొన్నాళ్లు బోడిగా ఉన్నాయి. శ్రావణమాసం నాటికి చిగురించాయి. వరలక్ష్మీవ్రతానికి పూలు ఆ చెట్టువే. ఇప్పుడు ఆ ఇంటిలో ఎవరైనా ఆకుల మీద పచ్చని పురుగును చూస్తే ముందుగా ఆ కుర్రవాడిని పిలుస్తారు.